ఒక తాడు, రెండు పెట్టెలు

వల్పరాయిసోలో గాలికే ఉప్పు.
వారం తిరక్కుండా రాగి తీగ మీద
పచ్చటి పొర కడుతుంది.
టంకం వేసిన ప్రతి కాలినీ
పళ్ళు తోమే పాత బ్రష్షు స్పిరిట్‌లో ముంచి
చంటిదాని చెవి వెనక తుడిచినట్టు
తుడుస్తాను.

అద్దెగది. మంచం కింద కంప్యూటరు.
కొన్నది కాదు.
పద్నాలుగు బ్రెడ్‌బోర్డులు, నలభై చిల్లర చిప్పులు,
ఎనిమిది బిట్ల బుర్ర,
బిస్కెట్ల డబ్బాలో దాని కరెంటు.
రెండూ మూడూ కలిపితే ఐదని
ఎర్ర దీపాలతో చెబుతుంది.
అంతమాట నేర్పడానికి
ఏడాదీ రెండు నెలలూ పట్టింది.
"అదే ఫోనులో అయితే..." అని మొదలెట్టేవాళ్ళకి
నేను టీ పొయ్యను.

రాత్రిళ్ళు ఇంకో కొలువు.
మా విభాగం సర్వరు తాళాలు నా దగ్గరున్నాయి.
ప్రొఫెసర్ ఒలావర్రియా సంతకం పెట్టిచ్చాడు,
జీతం మాట ఎత్తకుండా.
డిస్కు నిండితే నేను.
పాస్‌వర్డ్ మరిచిపోతే నేను.
అన్నీ సవ్యంగా నడిచే రోజున మాత్రం
నేనెవరో ఎవరికీ గుర్తుండదు.
కూరలో ఉప్పులాంటి ఉద్యోగం,
తగ్గినప్పుడే పేరెత్తుతారు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే
మీట నొక్కితే వందలో ఒకసారి
నా యంత్రం దారి తప్పుతోంది.
తొంభైతొమ్మిదిసార్లు బుద్ధిగా ఉండి
వందోసారి, అదీ ఎవరో చూడ్డానికొచ్చినప్పుడు.
తీగలు మార్చాను. చిప్పులు మార్చాను.
దాన్ని తిట్టాను.
ఆసిలోస్కోపు ముందు మూడో జాము దాకా కూర్చుంటే
ఒకే ఒక్కసారి దొరికింది:
ఒకటి కాదు, సున్నా కాదు,
నడుమ వేలాడే గీత.
గడప మీద నిలబడి
లోపలికో బయటికో తేల్చుకోని మనిషి.

కింది వాటాలో డోన్ ఎర్మోహెనెస్.
ముప్పై ఎనిమిదేళ్ళు కొండ లిఫ్టు నడిపాడు.
పట్టాల మీద రెండు చెక్క పెట్టెలు, ఒక ఇనప తాడు,
ఇది ఎక్కితే అది దిగాలి.
మూతపడి తొమ్మిదేళ్ళయినా
సాయంత్రం పూట టోపీ పెట్టుకునే
మెట్ల మీద కూర్చుంటాడు.
నా చెత్తబుట్టలో కాలిన చిప్పులు చూసి
ఏమిటివన్నాడు.
"ఫ్లిప్‌ఫ్లాపులు. లోపల ఇద్దరుంటారు,
ఒకరి చెవి ఒకరు పట్టుకుని.
ఒకడు పైనుంటే రెండోవాడు కింద.
మళ్ళీ నొక్కేదాకా ఎక్కడివాళ్ళక్కడే.
దాన్నే జ్ఞాపకం అంటాం."
పెద్దాయన పకపకా నవ్వాడు.
"నేను నడిపిందీ అదేగా యస్నా!
నాది కాస్త పెద్ద సైజు."

అప్పుడు చెప్పాను, నడుమ వేలాడే గీత సంగతి.
నవ్వు ఆగింది.

"సగం కొండ దగ్గర పెట్టెలు రెండూ
ఎదురుపడతాయి.
అక్కడ తాడు ఆగితే
ఏది ఎటు జారుతుందో చెప్పలేం.
అందుకే గంట.
పైన నేను కొడతాను. కిందివాడు తలుపేసి
బదులు కొడతాడు.
బదులు వినకుండా పిడి మీద చెయ్యెయ్యలేదు.
ఒక్కసారి తప్ప."

ఆ ఒక్కసారి ఏమైందో నేనడగలేదు.
పొగమంచులో పట్టాలున్న వైపు
కాసేపు చూసి లోపలికెళ్ళిపోయాడు.

మీటకీ యంత్రానికీ మధ్య
ఇంకో ఫ్లిప్‌ఫ్లాపు కూర్చోబెట్టాను.
మొదటిది తడబడితే తడబడనీ,
రెండోది తర్వాతి టిక్కు దాకా ఆగి
తేలిన మాటే అందుకుంటుంది.
వెయ్యిసార్లు నొక్కాను. బొటనవేలు వాచింది.
ఐదు. ఐదు. ఐదు.
ఇక ఎన్నడూ తప్పదని గణితం ఒప్పుకోదు;
తప్పడానికి పట్టే కాలాన్ని
నా ఆయుష్షు అవతలికి నెట్టగలను, అంతే.
ముప్పై ఎనిమిదేళ్ళలో ఒకసారి
ఎక్కువో తక్కువో లెక్కవెయ్యబోయి మానేశాను.

నాలుగున్నర. కింద దగ్గు వినపడింది.
చెంచాతో నేల మీద రెండుసార్లు కొట్టాను.
చాలాసేపటికి
కింద కప్పు మీంచి ఒక్కటే చప్పుడు.

ఇంతలో ఫోను వణికింది:
సర్వరు డిస్కు తొంభై ఏడు శాతం నిండింది.
చన్నీళ్ళతో మొహం కడుక్కుని
కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.