‘ది’ లేని సముద్రం

కోటవీధి హైస్కూల్లో నాలుగో పీరియడ్.
కిటికీ చువ్వల మీద పోర్టు బొగ్గు నుసి.
వేలితో రాస్తే అక్షరమవుతుంది,
ఊదితే పోదు.

పది ‘ఎ’. స్టాఫ్‌రూమ్‌లో మెరికల సెక్షనంటారు.
పదిహేడేళ్ళుగా ఈ మెరికలకి
గైడు పుస్తకాలే వడ్డించాను.
ప్రశ్న ఇది, జవాబు ఇది, ఇక్కడ గీత గీసుకోండి.
గీసుకున్నారు.
ఆ గీత కింద ఏముందో వాళ్ళకి తెలీదు,
నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు.

ఈ జూన్‌లో గైడ్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.
బెంచీలు గుండ్రంగా తిప్పించాను.
హెడ్మాస్టరు తొంగిచూసి,
“ఏంటి మేడమ్, పేకాటా?” అన్నారు.
నలభై అయిదు నిమిషాలకి ఒకే పేరా.
ప్రశ్న వేసి, నోరు మూసుకుని,
లోపల ఇరవై లెక్కపెట్టాలి.
ట్రైనింగుల్లో విన్నవాటిలో
నాకు పనికొచ్చింది ఇదొక్కటే.

ఇరవై ఎంత పొడుగో పాఠం చెప్పేవాళ్ళనడగండి.
పదకొండు దగ్గర ఫ్యాను కిర్రుమంటుంది.
పద్నాలుగు దగ్గర హార్బర్లో ఏదో ఓడ కూత.
పదిహేడుకి జవాబు నాలుక చివరికొచ్చేస్తుంది, నాదే,
మింగేస్తాను.
పంతొమ్మిదికి జరీనా చెయ్యి
భుజం దాకా లేచి
చెవి కమ్మ సర్దుకుని దిగిపోతుంది.
మళ్ళీ ఒకటి నుంచి.

ఆగస్టులో, మీ ఇంటి గురించి రాయమన్నాను.
సూరాడ ఎల్లాజీ మొదటి వాక్యం:
“సీ ఈజ్ కమింగ్ టు హౌస్.”
ఎర్ర పెన్ను అలవాటుగా వంగింది.
సీ ముందు ‘ది’. హౌస్ ముందు ‘అవర్’.
మార్జిన్‌లో నిలువుగా,
సముద్రం ఇంటికి రాదు, అర్థం సరిచూసుకో.
పదికి నాలుగు.

మర్నాడు వాడు నోట్సు పట్టుకుని లేచాడు.
“మేడమ్, ‘ది’ ఎందుకండి?”
చెప్పాను, నోటికొచ్చిన పాఠమే.
సూర్యుడు, చంద్రుడు, సముద్రం,
ఒక్కటే ఉన్నవాటిని
వేలు పెట్టి చూపించే మాట అది.

“ఒక్కటే ఉన్నప్పుడు ఏలు పెట్టి సూపడం దేనికండి?
మా అమ్మని ‘ది అమ్మ’ అనం కదేటి.”

ఎవరూ నవ్వలేదు.
నేను ఇరవై లెక్కపెట్టలేదు.
అంకెలే గుర్తు రాలేదు.

అడక్కుండానే నూకరత్నం అందుకుంది.
“‘ది’ పెడితే అది ఊరందరి సముద్రమండి.
పెట్టకపోతే పేరెట్టి పిలిచినట్టు.
వాడు పేరెట్టి పిలిచాడు.”

జరీనా చెయ్యి ఈసారి దిగలేదు.
“మరి ‘ఈజ్ కమింగ్’ ఏంటి?
వచ్చింది అని రాయొచ్చుగా?”

“వచ్చి ఎల్లిపోతే అలాగే రాద్దును.
మొన్న పున్నానికి వంటగది గోడ అట్టుకెల్లింది.
ఇంకా వస్తానే ఉంది.”

గంట కొట్టారు. ఒక్కడూ సంచీ సర్దలేదు.

నోట్సు అడిగి తీసుకున్నాను.
నిలువు గీతలో నా చేతిరాత
ఎవరిదో అన్నట్టుంది.
దిద్దితే రెండు తప్పులు పోతాయి,
దిద్దకపోతే మార్చిలో వాడికి మార్కు పోతుంది.
“పరీక్షలో మాత్రం ‘ది’ పెట్టు” అన్నాను.
“ఇక్కడండి?”
“ఇక్కడ, ఎందుకు పెట్టలేదో ఒక పేరా రాయి.
ఇంగ్లీషులోనే.”
వాడు తల గోక్కున్నాడు.
“అది మరీ కష్టమండి.”
“అందుకే.”

సాయంత్రం బీచ్ రోడ్డు బస్సు.
కిటికీలోంచి అటు చూస్తూ
ఒక్కసారి, ఒక్క వాక్యం,
‘ది’ లేకుండా అనాలని చూశాను.
పెదవులు కదిలినప్పుడల్లా
అదే ముందొచ్చి నిలబడింది,
టిక్కెట్టు అడిగే కండక్టరులా.