హాజరు

హామర్‌ఫెస్ట్‌లో నవంబరు చివరి వారం.
పొద్దు పొడవడం మానేసి నాలుగు రోజులైంది.
తూరిడ్ అరల వెంట రీడర్ కర్ర ఆడిస్తూ నడుస్తోంది,
ఒక్క పుస్తకమూ తెరవకుండా, ఒక్క వీపూ నిమరకుండా.
అట్టల్లో దాగిన ట్యాగులు బడిపిల్లల్లా పలుకుతున్నాయి:
ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.
నిరుడు ఈ లెక్కకి పదకొండు రోజులు పట్టింది,
ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం.

వలలు బాగుచేయడం గురించిన పాత పుస్తకం కూడా
ఉన్నానంది.
అరలో చూస్తే సందు,
రెండు వేళ్లు దూరేంత.
కర్ర మాత్రం కిటికీ వైపు పోయేకొద్దీ
గొంతు పెంచింది.

బల్ల కింద తడిమాను.
చింపి తీసిన బిళ్ల,
గాయాలకి వేసే పట్టీతో అంటించి ఉంది,
శ్రద్ధగా, మూలలు నొక్కి.

"ఓడ్‌వార్" అంది తూరిడ్, అంతే.
కార్డు రాయించుకోమంటే చెవులు ఎర్రబడే మనిషి.
రేవులో అతని పడవ లేదు.
నేను "పోయింది" అని కొట్టబోతే
నా చేతి మీద చెయ్యి వేసింది.
"యంత్రం ఉందంటోంది కదా."

ఏప్రిల్లో తిరిగొచ్చింది.
వాపసు పెట్టె దాన్ని గుర్తుపట్టలేదు.
నేను పట్టాను, వాసనని బట్టి:
కాడ్ చేప, డీజిలు.
అరవై రెండో పేజీలో
ముడి వేసి వదిలిన నైలాను దారం.

కొత్త బిళ్ల అంటించనా అన్నాను.
వద్దంది.

ఇప్పుడా పుస్తకం అరలో నోరెత్తదు.
దాని నంబరు పిలిస్తే
బల్ల కింది నుంచి
ఎవరో పలుకుతారు.