మంద కట్టిన చేను

పామూరు అవతల సబ్‌సెంటర్‌లో చేరినప్పుడు
నాకు అప్పజెప్పినవి మూడు:
ముల్లు కాస్త వంగిన తూకం మిషను,
ఐరన్ మాత్రల డబ్బా,
గోడకు కొట్టుకోమని ఒక చార్టు.
చార్టులో పొట్టేలు మాంసం మీద
ఎర్ర సిరాతో అడ్డగీత.

ముప్పై రెండేళ్లు ఆ గీతనే నోటితో గీశాను.
గుడ్డు తిను, పచ్చసొన పారెయ్ అన్నాను.
నెయ్యి వద్దన్నాను, గానుగ నూనె వద్దన్నాను.
పాకెట్ నూనె మంచిదన్నాను,
పాకెట్ మీద గుండె బొమ్మ ఉంటే నమ్మాను.

తర్వాత ఇంకో చార్టు వచ్చింది.
తప్పిపోయిన గొడ్డు ఇల్లు వెతుక్కుంటూ వచ్చినట్టు
పచ్చసొన అందులోకి తిరిగొచ్చింది.
పాత మేకుకే కొత్తది తగిలించాను.
పాతది తిరగేసి
వెనక టీకాల తేదీలు రాసుకున్నాను.

రిటైరయ్యాక నాకే షుగరు.
కనిగిరి డాక్టరు, నా చేత పోలియో చుక్కలు తాగినవాడే,
"అన్నం తగ్గించమ్మా, మాంసం పర్లేదు" అన్నాడు.
తల ఊపాను.
నా ముందు ఇన్నేళ్లు తలలు ఊపిన వాళ్లు
అప్పుడు గుర్తొచ్చారు.

ఈ మాఘంలో కంది కోసిన మా రెండెకరాల్లో
మాలకొండయ్య మంద కట్టాడు.
నాలుగు రాత్రులు, రాత్రికింత డబ్బు,
బియ్యం, కూర నావి.
చుట్టూ వల, మూలకు కుక్క,
గంప కింద నిన్న పుట్టిన పిల్ల.
చీకట్లో రెండొందల నోళ్లు నెమరేస్తుంటే
చేనే ఏదో నములుతున్నట్టుంది.

"యూరియా ఏసిన చేను సారా తాగినోడి మాదిరి మేడం.
పొద్దున లేస్తది, మాపటికి పడతది.
మంద కట్టిన చేను మూడేళ్లు గుర్తు పెట్టుకుంటది."

పోయిన నెల ఎవరో కుర్రాళ్లు వచ్చారంట,
ఫోనులో బొమ్మలు చూపించారంట:
పశువుల్ని చోటు మార్చి మార్చి మేపితే
నేల బతుకుతుందంట, కొత్తగా కనిపెట్టారంట.
"మా తాత కొత్తగా కనిపెట్టినాడు" అని నవ్వాడు.
నవ్వు ఆపి
జామాయిల్ తోటల వైపు చెయ్యి చాపాడు.
"అది తోట, అది కంచె, అది ప్లాట్లు.
మార్చి మార్చి మేపను
ఇంకో చోటు యాడుందో
ఆ ఫోనులో చూపలా."

అంకమ్మ పొయ్యి ఎగదోస్తోంది.
బీపీ అని ఈమెకు నేనే చెప్పాను,
మాంసం మానమని, సొన మానమని.
"మానావా?" అన్నాను, మానలేదంటే బాగుండనుకుంటూ.

"పదకొండేళ్లు మేడం, మీరు చెప్పినారని.
సొన కుక్కకి ఏసేదాన్ని.
కుక్క బాగుంది."

బాగానే ఉంది. నిప్పు వెలుగులో
దాని వీపు నూనె రాసినట్టు మెరుస్తోంది.

"మాంసం ఎన్నాళ్లకోసారి తినేవాళ్లు, అంతకుముందు?"
"పోలేరమ్మ కొలుపులకోసారి. అల్లుడొస్తే ఓసారి.
పొట్టేళ్లు మాకెందుకు మేడం,
అయి సంతకి."

ఏడాదికి రెండు ముక్కలు కొరికే మనిషి మీద
ఎర్ర గీత గీశాను.
ఆమె పెంచిన జీవాన్ని
ప్రతి ఆదివారం తినేవాళ్లు
నా సబ్‌సెంటర్‌కి ఎప్పుడూ రాలేదు.

చెప్పాల్సింది గొంతులో ఉంది.
చార్టు మారిందని చెప్పడానికి
మూడు మాటలు చాలు.
ఒక్కటీ పైకి రాలేదు.
సద్ద సంకటి మీద
నేను తెచ్చిన గుడ్ల పులుసు పోసుకుంది.

గుడ్డు రెండుగా విడదీసింది.
అలవాటుగా కుక్క లేచి నిలబడింది.
అంకమ్మ దాన్ని చూసింది,
నన్ను చూసింది.

ఈసారి నన్నేమీ అడగలేదు.