సూదికి బువ్వకు నడుమ

ఊపకు, అన్నది ఫిలోమిన సిస్టరు.
రెండు అరచేతుల నడుమ పెట్టి
మెల్లగ దొర్లియ్యి, పదిసార్లు.

నలభై కిలోల బస్తాను
ఒక్క ఊపుల వీపు మీదికి ఎత్తుకునే చేతులివి.
మెల్లగ అన్న మాట వీటికి ఎవ్వరు నేర్పలే.

సీసా అడుగున తెల్లటి మడ్డి, పైన తేట,
రాత్రి వంచిపెట్టిన గంజి లెక్క.
దొర్లిస్తె రెండు ఒక్కటై
పుష్యమాసపు మంచు అయితది,
ఎనుమాముల గేటు కాడ
లారీ లైట్లను మింగేటి మంచు.

ఇందుట్ల ముప్పై పాళ్లు ఉరికేది,
డెబ్బై పాళ్లు నడిచేది, అని చెప్పింది.
మా ఇంట్ల సుత గంతే సిస్టరమ్మ,
నేను ఉరుకుత, మా ఈరలచ్చి నడుస్తది.
ఆమె నవ్వలే. సిరంజి మీది గీతలు చూపెట్టింది.
పొద్దుగాల ఇరవై రెండు, మాపటికి పద్నాలుగు.
గుచ్చుకున్నంక అర్ధగంటకు బువ్వ.
బువ్వ తప్పితె ఈ మందే నీ మీద పడ్తది, పైలం.

మార్కెట్ల అర్ధగంట ఎక్కడిది?
జెండా పాట అయ్యేదాక ఒక కాలం,
అయినంక ఇంకో కాలం.
నడుమ ఉన్నది మిర్చి ఘాటే.

ఆనాడు సూది అయ్యింది.
సద్ది గిన్నె చేతులనే ఉన్నది.
పరకాల దిక్కుకెల్లి బండి వచ్చింది,
నాలుగు బస్తాలే, దించిపో అన్నడు అడ్తి గుమాస్త.
నాలుగు నలభై అయినయి.

ముందుగాల మాట మందమైంది.
గంత చలిల బనీను తడిసింది.
కాంటా మీది అంకెలు చేపపిల్లల్లెక్క ఈదుతున్నయి.
రాసులన్ని, ఎర్రటి రాసులన్ని,
సున్నం కొట్టినట్టు తెల్లబడ్డయి.
పొద్దుగాలనే ఏసిండ్రా, అన్నడు దడువాయి సారంగం.
అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన్నట,
నాకు యాది లేదు.

తాలుకాయలు ఏరే బుచ్చవ్వ
చీపురు పారేసి వచ్చింది.
నా నోటి వాసన చూసింది,
చంటిపిల్లగాని నోరు చూసినట్టు.
కొంగుముడి ఇప్పి
చక్కెర నాలుక మీద పోసింది.
ఏడాది సంది ముట్టని తీపి,
మిర్చి దుమ్ము అంటిన తీపి.
రాసులు మల్ల ఎర్రబడ్డయి,
ఒక్కొక్కటి.

నీ కొంగుల చక్కెర ఎందుకే అవ్వా?
నాది సుత గదే సీసా కొడుకా, అన్నది చెవుల.
కుండల దాచుకుంట, తడిబట్ట చుట్టి.
ఎవలకు చెప్పకు.
చెప్తె రేపటికెల్లి పనికి పిలువరు.

ఇప్పుడు గోనెల దడి వెనుక
ఇద్దరికి ఇద్దరం గుచ్చుకుంటం.
మిర్చి చేతులతోటి పొట్ట పట్టుకుంటె
సూది కంటె ఆ మంటే ఎక్కువ.
సద్దులు ముందల పెట్టుకోని కూసుంటం.
గుమాస్త ఒర్రనీ, సారంగం ఒర్రనీ,
ఇది ఎవ్వడు పాట పెట్టలేని అర్ధగంట.
పెద్దగ మాటలేం ఉండయి.
పొద్దుగాల కలవంగనే మాత్రం,
మంచిగున్నవా అన్నట్టు,
అడుగుతది బుచ్చవ్వ:
దొర్లిచ్చినవా, ఊపినవా?