ఆగస్టులో మళ్ళీ టైపు చేస్తాను

ప్రతి ఆగస్టులో ఈ కాగితం మళ్ళీ టైపు చేస్తాను.
ఒకప్పటి టైర్ల దుకాణం ఇప్పుడు మా హైస్కూలు;
యాకిమాలో వాన పడితే
నేల ఇంకా రబ్బరు వాసనే వేస్తుంది.

ఒకటి. ఫోన్లు గుమ్మం దగ్గర సంచిలో వేయాలి.
ఇది డెస్మండ్ పుణ్యం.
గురువారాలు మాత్రం జైలు నుంచి వాళ్ళమ్మ కాల్ వస్తుందని
ఆ సంచి నా ఒళ్ళో ఉండేది.

రెండు. తరగతిలో నిద్రపోరాదు.
రాసిన వారానికే యెసేనియా
రాత్రంతా షెడ్డులో ఆపిల్ పండ్లు పెట్టెలకెత్తి వచ్చి
బీజగణితం మీద తల వాల్చింది.
లేపమన్నారు.
నేను వెళ్ళి నా చలికోటు కప్పాను.

మైక్రోవేవ్‌లో చేపలు వేడి చేయరాదు.
దీని కథ అడక్కండి.

టోపీలు తీయాలి.
కోల్బీ తలమీది కుట్లు చూశాక
"వీలైతే" అని చేర్చాను.

ఐదు. మూడు రోజులు రానివారి పేరు కొట్టివేయబడును.
జిల్లా ఆఫీసు నుంచి దిగిన వాక్యం,
ఆ "బడును" కూడా వాళ్ళదే.

లానీ నాలుగో రోజు వచ్చాడు.
పార్కింగ్‌లో, మంచులో, చేతిలో ఈ కాగితమే.
అద్దంలోంచి చెయ్యి ఊపాను,
రమ్మనే ఊపాను.
వెళ్ళమన్నట్టు కనిపించిందేమో.

వచ్చిన కొత్తలో వాడికి పేజీ చదవడం రాదు.
మేమే నేర్పాం.

ఈ ఏడు ఆ వరస దగ్గర వేలు ఆగింది.
వాక్యం తీసేశాను, అంకె ఉంచాను.
ఐదు. పక్కన ఖాళీ.

ప్రిన్సిపల్ అడిగితే
అచ్చుతప్పు అంటాను.