పదకొండో గడి

పరకాల దాటినాక ఎర్రమట్ల వాగు మీద
ఐదు కమాన్ల వంతెన.
రోడ్డు నాలుగు వరుసలవుతుందట.
వంతెన ఏమవుతుందో
రాసివ్వమని నన్ను పంపారు.

చేతిలో పద్నాలుగు గడుల ఫారం,
ఒక టేపు, నూలు దారం,
పగుళ్ల మీద అడ్డంగా అంటించడానికి
వేలెడంత గాజు పలకలు ఇరవై.
రాయి కదిలితే గాజు చెబుతుంది.

మొదటి గడి సులువు. పొడవు: నూట పన్నెండు అడుగులు.
రెండోదీ సులువే. వెడల్పు:
రెండు ఎడ్లబండ్లు తగవు పడకుండా తప్పుకునేంత.
అలా రాయకూడదు.
పద్దెనిమిది అడుగులు అని రాశాను.

గ్రానైట్ లారీ పోయిన ప్రతిసారీ
మూడో కమాను కింద
నా గ్లాసులో చాయ వలయాలు తిరిగేది.
జూనియర్ ఇంజనీరు ముదస్సిర్ టైము చూసుకుని
"నిజాం జమానాది మేడం, మరీ అంత పాతదేం కాదు" అన్నాడు.
వాళ్ల తాత సైకిల్ నేర్చుకుంది దీని మీదేనట.
ఆ సంగతి చెప్పింది మాత్రం
సాయంత్రం, బండెక్కేటప్పుడు.

గుంత తవ్వడానికి ముగ్గురు కూలీలు.
ఒల్లెపు ఐలవ్వ గడ్డపార పట్టకముందే
రాయికి చెవి ఆనించింది.
చిన్న సుత్తెతో తట్టుకుంటూ పోయింది.
"ఇది గట్టిది. ఇది బోలు. ఇది ఏడుస్తాంది."
సందులోని డంగు సున్నం గీకి నాలుక మీద వేసుకుని
"కరక్కాయ పడ్డది బిడ్డా, బెల్లం తక్కువైంది.
మేస్త్రి తిన్నట్టున్నడు" అంది.
దానికి ఫారంలో గడి లేదు.

మూడో రోజు, రెండో కాలు పక్కన,
నాలుగడుగుల లోతులో
ఒక రాయి వెనుక సున్నం రాలి సందు తెరుచుకుంది.
ఐలవ్వ వేళ్లు లోపలికి పోనిచ్చి ఆగింది.
"కన్ను," అంది.
కాసేపటికి, "ముక్కు లేదు."

ముదస్సిర్ తన మోటార్‌సైకిల్ అద్దం విప్పి తెచ్చాడు.
అద్దంలో హంసల బారు,
సగం తెగిన మద్దెల,
దాని మీద అయిదు వేళ్లు, మనిషి లేడు.
పక్క రాయికీ బొమ్మలే. దాని కింది రాయికీ.

ఒక గుడినో, గుడిలాంటి దేన్నో విప్పి
ఈ వంతెన కట్టారు.
రోడ్డు కోసమే.
అప్పుడూ ఎవరో టేపు పట్టుకుని వచ్చే ఉంటాడు.
ఉర్దూలో నీటుగా రాసే ఉంటాడు:
అడవిలో రాళ్లు పడి ఉన్నాయి, పనికొస్తాయి.

మూడు రోజులుగా నేను కాపాడాలని చూస్తున్నది
ఒక దోపిడీ సొమ్మునా?
ముదస్సిర్ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"బండి గీరలు మొహాన్ని గీకకుండా
లోపలికి తిప్పి పెట్టారేమో," అన్నాను.
అలా అనుకుంటే బాగుండేది.
ఐలవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.
"సాపు దిక్కు బయటికి పెడ్తరు. గంతే.
మా తాతలు గట్లనే పెట్టిన్రు, నేనైనా గట్లనే పెడ్త.
సక్కదనం సూసుకుంట కూసుంటె
కూలి ఎవడిస్తడు?"

ఆ రాత్రి పరకాల లాడ్జీలో
ఫ్యాను గాలికి లేచిపోతున్న ఫారం మీద
గాజు పలకల డబ్బా పెట్టాను.
పదకొండో గడి: పనుల వల్ల కలిగే ప్రభావం.
స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఒకదానికే టిక్కు.
తీవ్రానికి పెట్టాను.
రిమార్కుల దగ్గర చాలాసేపు పెన్ను ఆగింది.
చివరికి రాసింది రెండే మాటలు:
ఇది రెండోసారి.

తెల్లారి పోయి చూస్తే
పదిహేడు గాజులు నిలిచి ఉన్నాయి,
మూడు విరిగాయి.
గుంత పూడ్చేముందు అడుగున ఇసుక పరిచి
ఈ ఏటి ముద్రున్న రెండు రూపాయల బిళ్ల వేశాను.
రేపెవరైనా తవ్వితే
ఇక్కడిదాకా మనుషులు వచ్చి వెనుదిరిగారని తెలియాలి కదా.

ఐలవ్వ పార మీద గడ్డం ఆనించి చూస్తోంది.
"గది నా కూలిల కోస్తవా ఏంది?"