పది వాయిదాల సముద్రం

మా రాష్ట్రానికి సముద్రం లేదు.
కొండలున్నాయి, ఇనుము తవ్విన గుంటలున్నాయి,
బెలో హొరిజోంచిలో మా అమ్మ వల్దిరేని కడిగే
పదకొండు అంతస్తుల మెట్లున్నాయి.

నాన్న సిటీబస్సు డ్రైవరు.
రోజుకి ఎనిమిది ట్రిప్పులు, అదే రోడ్డు.
"ఎటూ పోకుండానే భూమి చుట్టేసుంటాను"
అంటాడు బూట్లు విప్పుకుంటూ.

డిసెంబరులో, పదమూడో జీతం పడ్డ రోజు
అమ్మ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది.
గ్వారపరి. నాలుగు రాత్రులు. బస్సు, గది, పొద్దుటి కాఫీ.
కింద, చీమ తలకాయంత అక్షరాల్లో:
పది వాయిదాలు, వాయిదాకి రెండొందల ఎనభై ఏడు.

అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని చూసింది.
"అప్పు చేసి ఉప్పునీళ్ళా?"
"ఉప్పునీళ్ళే," అంది అమ్మ,
"కళ్ళల్లోవి కాకుండా, వేరేవి."

రాత్రంతా బస్సు.
నాన్న ప్రయాణికుడిగా కూర్చోలేకపోయాడు,
మలుపు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు
లేని బ్రేకుని తొక్కింది.

గొడుగు అద్దె నలభై అన్నారు.
రెండు దుప్పట్లు కట్టుకున్నాం.
అల్యూమినియం డబ్బాలో వేయించిన కోడి, కర్రపెండలం పిండి,
పిండిలో ఇసుక, ఇసుకలో పిండి.
తమ్ముడు డెయివిసన్ సముద్రాన్ని నమ్మక
దోసిలితో తాగి చూశాడు, కక్కుకున్నాడు,
మళ్ళీ తాగాడు.
అమ్మమ్మ మోకాళ్ళ దాకా దిగి
అలాగే నిలబడిపోయింది. పిలిస్తే పలకలేదు.
మూడో రోజు వాన.
కిటికీ దగ్గర కూర్చుని చూశాం.
ఆ వానకీ డబ్బు కట్టాం.

మార్చిలో ఇవానిల్డె టీచరు భిన్నాలు చెప్పింది.
మీ ఇంట్లోంచి ఒక భిన్నం పట్టుకురమ్మంది.
ఒకడు సగం నారింజ తెచ్చాడు,
ఒకమ్మాయి పిజ్జా బొమ్మ గీసుకొచ్చింది.
నేను రాసుకెళ్ళాను:
అమ్మ జీతం, నాన్న జీతం కలిపి నాలుగువేల వంద,
అందులో రెండొందల ఎనభై ఏడు.
ఇంచుమించు పద్నాలుగో వంతు.
అంటే నెలకి రెండు రోజులు
మా ఇల్లు సముద్రం దగ్గర కూలికి పోతోంది.

టీచరు టిక్కు పెట్టింది.
పక్కన పెన్సిలుతో, చాలా చిన్నగా రాసింది:
నాది తొమ్మిదో వంతు.
తొమ్మిది చిన్నది, తొమ్మిదో వంతు పెద్దది.
ఆ లెక్క నాకు అప్పుడు గానీ ఎక్కలేదు.

తొమ్మిదో అంతస్తు డాక్టరమ్మ
మెట్లు తడిగా ఉన్నాయని ఆగి, అమ్మతో అందట:
"ఈసారి పెద్దగా ఎక్కడికీ పోలేదు, లిస్బన్ అంతే."
ఆవిడది ఎన్నో వంతు?
"ఆవిడకి తెలియదు, కార్డుకి తెలుసు," అంది అమ్మ.
పై అంతస్తులకి పోయేకొద్దీ
కింది అంకె పెద్దదవుతుందని
నోటుపుస్తకం వెనక రాసుకున్నాను.

ఏప్రిల్లో మాంసం గుడ్డుగా మారింది.
జూన్‌లో నాన్న ఆదివారాలు కూడా బస్సెక్కాడు.
జూలైలో ఒక రాత్రి గొడవ. నాన్న గట్టిగా,
"నాలుగు రోజులు! నాలుగు రోజులకి!"
అమ్మ గిన్నెలు తోముతూనే ఉంది.
నాన్న వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు,
కాసేపటికి, ఎవరితో అని కాకుండా అన్నాడు,
"ఆ నీళ్ళలో కాళ్ళకి బరువే తెలీలేదు."

ఆగస్టులో నా ఈతబట్టలు బిగుతైపోయాయి.
ఇంకా రెండు వాయిదాలున్నాయి.

అక్టోబరు పదో తేదీ ఆఖరిది కట్టేశాం.
రసీదు ఫ్రిజ్ తలుపుకి అంటించి అమ్మ
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.
నెలకి ఆ రెండు రోజులు మళ్ళీ మావే.
పైకప్పు కారుతోంది, తమ్ముడి పన్ను పుచ్చింది,
నాన్న వేళ్ళు మడిచి అవే లెక్కపెడుతున్నాడు.

అమ్మమ్మ బీన్స్ ఏరుతోంది.
తల ఎత్తకుండానే అడిగింది,
"ఈసారి ఎన్ని వాయిదాలట?"